ఐదు వోల్టులు

2, సోమవారం

నాన్న రేకుపెట్టె తెరిచాను. నాలుగు నెలలుగా అమ్మ దాని మీద దుప్పట్లు మడతపెట్టి ఉంచుతోంది, అదేదో పుట్టినప్పటి నుంచీ బల్లే అయినట్టు. లోపల ఖాళీ ఫిల్మ్ డబ్బాలు, తెగిన భుజం బెల్టు, పాత చొక్కా ముక్కలో చుట్టిన ఫ్లాష్. ఇటుకంత ఉంది. బతికున్నన్నాళ్ళూ నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

దీంతోనే ఆయన మా యజమాని ఇంట్లో ప్రతి శుభకార్యమూ తీశాడు. మా అద్దకం మిల్లు వార్షికోత్సవాలన్నీ తీశాడు. కింద నేలమాళిగలో రంగు తొట్ల దగ్గర ఏం జరుగుతోందో మాత్రం ఒక్కసారీ తీయలేదు. "నువ్వు ఫొటోగ్రాఫర్‌వి కాదు, వాళ్ళింటి అద్దానివి" అని మొహం మీదే అన్నాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకోను కూడా, అది నిజం కనక.

కానీ ఇప్పుడు ఇదే ఫ్లాష్ ఆ నేలమాళిగలో వెలుగుతుంది. యజమాని మొహం మీద కాదు, రంగుల్లో పాడైన మా సంఘం పెద్దక్క చేతుల మీద. అప్పుడు నాన్న మావైపు వచ్చేసినట్టే.

తనిఖీ అధికారి 19న వస్తున్నాడు. ఆయన వచ్చే ముందురోజు ఎప్పుడూ జరిగేదే జరుగుతుంది. అందరికీ కొత్త గ్లవ్స్ పంచుతారు, తొట్లకు మూతలు పుట్టుకొస్తాయి, చేతులు పాడైనవాళ్ళకి అడక్కుండానే సెలవు దొరుకుతుంది. పోయినసారి మా సంఘం ఫోన్‌తో తీసిన ఫొటోలు చూసి ఆయన "ఆవిరి తప్ప ఏమీ కనపడటం లేదే" అన్నాడు. ఆ తర్వాత గేటు దగ్గరే ఫోన్లు లాక్కోవడం మొదలైంది. ఈసారి అసలైన కెమెరా కావాలి, దానికి తగ్గ వెలుతురు కావాలి. రెండూ నేనే తెస్తానని సంఘంలో లేచి చెప్పాను. చప్పట్లు కొట్టారు.

3, మంగళవారం

బాబాయి స్టూడియోకి వెళ్ళాను. పాస్‌పోర్ట్ ఫొటోల మీద బతుకుతున్న స్టూడియో. ఉన్నది ఒక్క డిజిటల్ కెమెరా. మిల్లులో ఫొటోలు తీయడానికి అడిగితే ఇస్తానన్నాడు. నాన్నకి తమ్ముడైనా ఈయనకి కాస్త వెన్నెముక ఉంది అనుకున్నాను. ఈలోపు సంచిలోంచి ఫ్లాష్ తీశాను. మొహం మారిపోయింది.

"కెమెరా తీసుకెళ్ళు. దాన్ని మాత్రం దీని నెత్తిన పెట్టకు."

"ఎందుకు?"

"పాత కెమెరాల్లో రెండు ఇత్తడి రేకులుండేవిరా. బటన్ నొక్కితే ఒకదానికొకటి తగిలేవి, అంతే. ఎంతొచ్చినా తట్టుకునేవి. ఇందులో ఉన్నది గోరంత చిప్పు. కొన్ని పాత ఫ్లాషుల కాలి దగ్గర, అంటే కెమెరాకి తగిలే చోట, రెండొందలు, మూడొందల వోల్టులుంటాయి. కొన్నిట్లో ఐదే ఉంటుంది. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. కొలవాలి."

"నాన్న ముప్పై ఏళ్ళు వాడాడు. ఒక్క కెమెరా అయినా చెడిందా?"

"అవి వేరే కెమెరాలు అంటున్నాను కదా."

"పాతదాని మీద భయం పుట్టిస్తేనే కదా కొత్తది అమ్ముడయ్యేది. వ్యాపారుల ఎత్తు ఇది."

"నేను నీకు ఇప్పుడేం అమ్మానురా?" అన్నాడు బాబాయి.

రెండు పేజీల కాగితం చేతిలో పెట్టాడు, ఎలా కొలవాలో ఉందట. ఈ కెమెరా ఆరు వోల్టులు దాటితే ఊరుకోదట. కొలిచి అంకె చెప్పాకే పెట్టమన్నాడు. నా దగ్గర ఇంతకన్నా లావు కరపత్రాలున్నాయి, చదవడం నాకు కొత్త కాదు.

5, గురువారం

కొలిచాను. ఐదు.

మిల్లు ఎలక్ట్రీషియన్ మీటరు అరువడిగి కొలిచాను. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "సెల్లులు కొత్తవేనా?" అన్నాడు. ఆ అన్నాను. "అయితే పర్లేదు" అన్నాడు.

నాన్న ఫ్లాష్ నిర్దోషి. నాకు ముందే తెలుసు.

6, శుక్రవారం

రేపు మధ్యాహ్నం భోజనాల విరామంలో. నేను, పెద్దక్క, సందేహం అన్న. ఇంకెవరూ వద్దు.

సందేహం అన్న నా పక్క తొట్టి దగ్గర పని చేస్తాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఎవరేం చెప్పినా "నిజమేనా?" అంటాడు. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. "వీడు పుట్టగానే మంత్రసానిని అడిగుంటాడు, నేను పుట్టింది నిజమేనా అని" అంటుంది పెద్దక్క.

ఈరోజు నన్నూ అడిగాడు. "ఆ ఫ్లాష్ కొలిచానన్నావు. నిజమేనా తమ్ముడూ?"

నాకు ఒళ్ళు మండింది. "నమ్మకం లేకపోతే రావద్దు."

"నమ్మకం లేక కాదు తమ్ముడూ. అడగడం నాకు అలవాటు."

ఇలాంటివాళ్ళ వల్లే ఏ ఉద్యమమైనా ఆలస్యమవుతుంది.

7, శనివారం

రాయాలి. వరసగా రాస్తాను.

కెమెరాని నూలు బుట్ట అడుగున పెట్టి లోపలికి తెచ్చాం. ఫ్లాష్‌లో పొద్దున్నే కొత్త సెల్లులు వేశాను. స్విచ్ వెయ్యగానే సన్నగా కీచుమంది, నాలుగు సెకన్లలో నారింజ దీపం వెలిగింది. ఆ దీపం వెలగడం నేను చూడటం అదే మొదటిసారి.

కెమెరా మీద పెట్టాను. మొదటి ఫొటో, మూతలేని తొట్లు. రెండోది, చిల్లులు పడ్డ గ్లవ్స్ కుప్ప. మూడోది, గోడకి ఊడి వేలాడుతున్న గాలి గొట్టం. మూడూ వచ్చాయి. తెర మీద చూసి పెద్దక్క "అబ్బ, ఇన్నేళ్ళుగా మనం పని చేస్తున్నది ఇక్కడా?" అంది.

తర్వాత ఆమె చేతులు. చొక్కా చెయ్యి మోచేతి దగ్గర చర్మానికి అతుక్కుపోయింది, ఒక్కతే విప్పుకోలేకపోయింది. నేను విప్పడానికి వెళ్తూ కెమెరా సందేహం అన్న చేతికిచ్చాను. "నొక్కడమే అన్నా." ఆయన గ్లవ్స్ తీసేసి, చేతులు చొక్కాకి రెండుసార్లు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. నొక్కాడు. ఫ్లాష్ కొట్టింది. తెర నల్లగా అయిపోయింది.

అంతే. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ తీసి పెట్టాం. ఊహూ.

"నేనేం చెయ్యలేదు తమ్ముడూ. నొక్కానంతే."

"నీ చేతులు తడిగా ఉన్నాయి కదన్నా" అన్నాను.

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. తడిగా ఉన్నమాట నిజం.

8, ఆదివారం

దర్జీ కొట్టు వెనక గదిలో సంఘం కూడింది. కెమెరా ఎలా పోయిందని అడిగారు. ఎవరి చేతిలో ఉండగా పోయిందో చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పాను.

అప్పుడు ఒకడు లేచి "శుక్రవారం సాయంత్రం ఈయన గేటు దగ్గర మేస్త్రీతో పావుగంట మాట్లాడాడు, నేను చూశాను" అన్నాడు. అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. సందేహం అన్న చుట్టూ చూసి "పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళాలని సెలవు అడిగాను" అన్నాడు.

వెనక నుంచి ఒకడు అచ్చం ఆయన గొంతుతోనే "నిజమేనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. నవ్వలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

9, సోమవారం

సగం రోజు సెలవు పెట్టి కెమెరా రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. "నేను వస్తానురా" అన్నాడు బాబాయి, వద్దన్నాను. రిపేరు ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని మరలు విప్పి, లోపలంతా వెతికాడు.

"నీళ్ళు పడ్డాయండి" అన్నాను.

"నీళ్ళు తగిలిన జాడే లేదు బాబూ. నెత్తిన ఏం పెట్టారు?"

చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. చీటీ మీద రాసిచ్చాడు. 'ఫ్లాష్ వైపు నుంచి ఎక్కువ వోల్టేజీ. మెయిన్ బోర్డు కాలింది. కార్డులో ఫొటోలూ పోయాయి. బాగు కాదు.' మొదటి మూడుసార్లు ఎలా పనిచేసిందని అడిగాను. "కొన్ని మొదటి దెబ్బకే పోతాయి, కొన్ని నాలుగో దెబ్బకి. దెబ్బ దెబ్బే" అన్నాడు.

చీటీ ఈ డైరీలోనే ఉంది. బాబాయికి బాగు కాదట అని మాత్రం చెప్పాను.

10, మంగళవారం

ఇప్పుడు చెబితే సంఘం చీలిపోతుంది. తనిఖీకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. యజమానికి కావాల్సిందే అది. ఒక్క మనిషి పరువు కన్నా అందరి ఐక్యత పెద్దది, ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు, అన్ని కరపత్రాల్లోనూ ఉంది. తనిఖీ అయిపోయాక 20న చెప్తాను.

11, బుధవారం

20న చెప్తాను.

12, గురువారం

అమ్మ వీధి కుళాయి నుంచి వస్తూనే "ఏరా, మీ సందేహం సంఘాన్ని అమ్మేశాడటగా?" అంది.

"ఎవరన్నారు?"

"మీ సంఘం ఆడవాళ్ళే. పాపం ఆ పిల్ల, వాళ్ళావిడ, బకెట్టు వరసలో పెట్టి ఇంట్లో పాపని చూసొచ్చేలోపు కాళ్ళతో వెనక్కి జరిపేశారు. మళ్ళీ ముందుకి తెచ్చి పెట్టుకుంది. మళ్ళీ జరిపారు. చివరికి అందరిదీ అయ్యాకే పట్టుకుంది. ఒక్క మాట అన్లేదురా. నువ్వు ఆయనతోనే కదా పని చేసేది, నిజంగా అలాంటివాడా?"

నాకు తెలీదమ్మా అన్నాను.

13, శుక్రవారం

ఈరోజు రాయడానికేమీ లేదు.

14, శనివారం

సందేహం అన్నని సంఘం నుంచి తీసేయాలని సోమవారం తీర్మానం పెడుతున్నారు. దాన్ని రాసే పని నాకిచ్చారు. "నీ భాష బాగుంటుంది, నువ్వే రాయి" అంది పెద్దక్క. ఆమె నా కళ్ళలోకి చూడలేదు. ఆమెకీ ఇష్టం లేదనుకుంటాను. ఇష్టమో కాదో నేను అడగలేదు.

మధ్యాహ్నం కూర్చుని రాశాను. 'కార్మికుల ఏకైక సాక్ష్యాన్ని తన నిర్లక్ష్యంతోనో, అంతకన్నా నీచమైన కారణంతోనో నాశనం చేసిన' అని. వాక్యం బాగా వచ్చింది. బాగా వచ్చిందని సంతోషం కూడా కలిగింది. రెండోసారి చదువుతుంటే అది నా గురించి అనిపించింది.

అప్పుడు మీటరు తెచ్చాను. కొత్త సెల్లులు వేసి, ఫ్లాష్ స్విచ్ వేసి, దీపం వెలిగేదాకా ఆగాను. ఎర్ర తీగ కాలి మధ్యలో ఉన్న చుక్క మీద, నల్ల తీగ పక్క రేకు మీద. వేలు తగలకుండా.

రెండు వందల నలభై ఏడు.

ఇక్కడైనా నిజం రాస్తాను. 5న నేను పెట్టె అడుగున దొరికిన చచ్చిన సెల్లులతో కొలిచాను. దీపం వెలగలేదు. అంకె రెండు దగ్గర మొదలై మెల్లగా ఎక్కుతోంది. మూడు. నాలుగు. ఐదు కనపడగానే తీగలు ఎత్తేశాను. ఎత్తేస్తున్నప్పుడు అది ఐదున్నర. కొత్త సెల్లులు వెయ్యాలి, దీపం వెలిగేదాకా ఆగాలి, అంకె నిలబడేదాకా ఆగాలి అని కాగితం రెండో పేజీలో ఉంది. చదివాను. చదివే చేశాను.

15, ఆదివారం

బాబాయికి చెప్పాను. చీటీ చూపించాను. ఆయన ఫొటో తీయించుకునేవాళ్ళు కూర్చునే స్టూలు మీద, నీలం తెర ముందు కూర్చుండిపోయాడు. ఆయన్ని అక్కడ ఎప్పుడూ చూడలేదు.

"ఐదు అన్నావు."

"అన్నాను."

"కెమెరా పోయిందని కాదురా. అడిగాను కదా, సెల్లులు కొత్తవేనా అని."

చీటీ మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత "మీ నాన్నకి ఒకసారి దాంతో షాక్ కొట్టింది, తెలుసా? బాగుచేద్దామని విప్పాడు. స్విచ్ కట్టేసి గంటైనా లోపల కరెంటు నిలవుంటుంది. మంచం దాకా ఎగిరి పడ్డాడు. ఆ తర్వాతే, పని లేనప్పుడల్లా దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాడు. నువ్వప్పుడు దోగాడుతున్నావు" అన్నాడు.

నేను ఇన్నాళ్ళూ అది పిసినారితనం అనుకున్నాను.

కెమెరా విషయం ఏం చెయ్యను బాబాయ్ అన్నాను. "నా సంగతి నేను చూసుకుంటాను. చెప్పాల్సింది నాకు కాదు" అన్నాడు. నేను గడప దాటాక మళ్ళీ పిలిచాడు. తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకాయన దగ్గర తన పూచీ మీద ఇంకో కెమెరా అరువు తెస్తానన్నాడు. ఆ ఫ్లాష్ పారెయ్యక్కర్లేదు, కెమెరాకి తగలకుండా, మధ్యలో తీగ కూడా లేకుండా వాడితే దానివల్ల ఏ ప్రమాదమూ లేదట. ఎలాగో ఆ కెమెరా పట్టుకునే మనిషికి నేర్పుతాడట.

"నాకు చెప్పు" అన్నాను.

"నువ్వు కెమెరా ముట్టుకోవు" అన్నాడు.

16, సోమవారం

తీర్మానం చదవమన్నారు. లేచి నిలబడి రిపేరు చీటీ చదివాను. తర్వాత ఐదు అంకె సంగతి చెప్పాను. నేను ఇన్నాళ్ళూ అక్కడ మాట్లాడిందంతా అరుపే, మాట్లాడటం రాదని అప్పుడు తెలిసింది.

పెద్దక్క "ఛీ" అంది. మెల్లగానే అంది.

ఆ రోజు గొంతు అనుకరించినవాడు ఇప్పుడు నన్ను కొట్టడానికి లేచాడు. సందేహం అన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నా మీద ప్రేమతో కాదు, ఒక ప్రశ్న అడగాలని.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పోయిన సోమవారం నుంచి."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "వారం. ఈ వారం రోజులూ నా పక్క తొట్టి దగ్గరే ఉన్నావు. రోజూ నా డబ్బాలో మంచినీళ్ళు తాగావు."

అవునన్నాను.

నిజమేనా అని అడగలేదు.

కెమెరా ఎవరు పట్టాలి అని చర్చ వచ్చింది. సందేహం అన్న పట్టాలన్నాను. నన్నెవరూ అడగలేదు, అయినా అన్నాను. పెద్దక్క "వాడన్నాడని కాదు, నేనంటున్నాను" అని అదే ఖాయం చేసింది. ఫ్లాష్ మాత్రం నన్నే పట్టమన్నారు. "షాక్ కొడితే వీణ్ణే కొడుతుంది" అంది.

17, మంగళవారం

నేలమాళిగ, మధ్యాహ్నం. కెమెరా మూడుకాళ్ళ స్టాండు మీద. దాని నెత్తి ఖాళీగా ఉంది. నేను ఫ్లాష్ చేత్తో పట్టుకుని నాలుగడుగుల దూరంలో, పక్కగా. దానికీ కెమెరాకీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు.

బాబాయి నేర్పిన పద్ధతి ఇది. దీపాలన్నీ ఆర్పేస్తాం. సందేహం అన్న కెమెరా కన్ను తెరిచి ఐదు సెకన్లు తెరిచే ఉంచుతాడు. ఆ చీకట్లో ఆయన "కొట్టు" అనగానే నేను ఫ్లాష్ వెనకున్న చిన్న బటన్ వేలితో నొక్కాలి. వెలిగినంతసేపు ఉన్నదే ఫొటోలో పడుతుంది. పెద్దక్క ఊపిరి బిగబట్టి చేతులు చాపి కూర్చుంది.

"కొట్టు."

తెల్లగా ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆమె చేతులు చూశాను. రోజూ చూసేవే. మణికట్టు నుంచి మోచేతి దాకా పగుళ్ళు, పగుళ్ళలో ఇంకిపోయిన నీలం. మళ్ళీ చీకటి.

పదకొండు ఫొటోలు. ప్రతిసారీ ఆయన కొట్టు అనేదాకా ఆగాను. ఆఖరిదానికి ముందు దీపాలార్పాక ఆయన వెంటనే కన్ను తెరవలేదు. చీకట్లోంచి అన్నాడు. "మా ఆవిడకి నువ్వే చెప్పు. నేను చెప్తే మొగుడి మాట అవుతుంది."

"చెప్తానన్నా."

"కొట్టు" అన్నాడు.

18, బుధవారం

సందేహం అన్న వాళ్ళింటికి వెళ్ళాను. పాప మంచం మీద నిద్రపోతోంది, నుదుటి మీద తడిగుడ్డ. వదిన గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. మొత్తం చెప్పాను.

"అయిందా?" అంది.

"క్షమించు వదినా."

"నాకెందుకు చెప్తున్నావు? మా ఆయనేంటో నాకు తెలుసు. నాకు తెలియంది నువ్వు ఒక్కటీ చెప్పలేదు." పాప కదిలితే లోపలికి తొంగి చూసి మళ్ళీ వచ్చింది. "ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గరికి రా. ఆ రోజు అందరూ ఉంటారు."

19, గురువారం

నిన్ననే కొత్త గ్లవ్స్ వచ్చాయి. మూతలు వచ్చాయి. పెద్దక్కకి సెలవు వచ్చింది, అయినా ఆమె వచ్చింది.

అధికారి ముందు ఫొటోలు పరిచాం. ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. "ఇవి కనపడుతున్నాయి" అన్నాడు. ఎవరు తీశారని అడిగాడు. పెద్దక్క సందేహం అన్న అసలు పేరు చెప్పింది. అధికారి రాసుకున్నాడు. తొట్లు సోమవారం దాకా ఆపమని మేనేజరుకి కాగితం ఇచ్చాడు. తర్వాత ఏమవుతుందో చూడాలి.

నేను మామూలుగా అయితే ఈ పేజీ నిండా రాసేవాణ్ణి.

22, ఆదివారం

నీళ్ళు ఏడింటికి వస్తాయి. ఆరున్నరకే వెళ్ళాను. పాతికమంది దాకా ఉన్నారు, ఎక్కువ ఆడవాళ్ళు. మా అమ్మ కూడా ఉంది, ఆమెకి ముందు చెప్పలేదు. వదిన బకెట్టు చివర ఉంది.

చెప్పాలి, ఒక్క నిమిషం వినండి అన్నాను. ఎవరూ వినలేదు. కుళాయి వచ్చింది, మొదటి బకెట్టులో నీళ్ళు పడే చప్పుడు. గొంతు పెంచాను.

"కెమెరా కాల్చింది నేను. కొలిచేటప్పుడు అంకె పెరుగుతుంటే మీటరు తీసేసి, నాకు కావాల్సిన అంకె అందరికీ చెప్పాను. ఆయన బటన్ నొక్కాడంతే. మేస్త్రీతో మాట్లాడింది పాప కోసం. అది ఆయన తప్పు కాదని నాకు తెలిసీ వారం నోరు మూసుకున్నాను."

మొదటి బకెట్టు నిండి పొర్లిపోతోంది, ఎవరూ తీయలేదు. అమ్మ నా వైపు చూడటం మానేసి నేల చూస్తోంది.

అటు చివర నుంచి ఒక ముసలావిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఈ చివరికి వినపడలేదు నాయనా, మళ్ళీ చెప్పు" అంది. నిజంగానే వినపడలేదామెకి.

మళ్ళీ చెప్పాను. మొదటిసారి కన్నా కష్టంగా ఉంది.

వరసలో ముందున్న ఇద్దరు ముగ్గురు బకెట్లు పక్కకి జరిపి చోటిచ్చారు. "రా అమ్మా, నువ్వు పట్టుకో, ఇంట్లో పాప ఒక్కతే ఉంటుంది" అన్నారు. వదిన కదల్లేదు.

"నా వంతు వచ్చాక పట్టుకుంటాను" అంది.

జరిపిన బకెట్లు ఒక్కొక్కటే మళ్ళీ వరసలోకి వచ్చాయి. అమ్మ నీళ్ళు పట్టుకుని నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఎండ ఎక్కింది. ఒక్కొక్కరూ వెళ్తున్నారు. వెళ్ళేవాళ్ళు ఆమె బకెట్టుకి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

ఆమె వంతు వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను.